విద్య ముందు, రుణం తరువాత
ఆన్‌లైన్ వ్యాపారానికి సిద్ధమయ్యే గ్రామీణులకు రాయపూర్ అనుభవం చెప్పే పాఠం

గ్రామీణ రుణగ్రహీతలకూ, విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు విక్రయించే డీలర్లకూ ఇటీవలి సంవత్సరాలలో ఒక కొత్త ప్రశ్న ఎదురవుతున్నది. సరకును ఇంటర్నెట్ ద్వారా దూరప్రాంతాలకు అమ్ముకోవచ్చునని పలువురు సలహా ఇస్తున్నారు. అందుకు కావలసిన చదువును ఎక్కడ, ఎంత ఖర్చుతో, ఎంత కాలంలో నేర్చుకోవాలో చెప్పేవారు మాత్రం తక్కువ. ఈ అస్పష్టత నడుమ తొందరపడి చేసిన అప్పు, రాని విద్య మీద పెట్టిన పెట్టుబడి అవుతుంది. వ్యాపారం మొదలు కాకముందే కిస్తు మొదలవుతుంది.

చదువు ఎంత అవసరమో, చదువు పేరిట కేవలం కాగితాన్ని కొనుక్కోవడం ఎంత ప్రమాదమో ఒకేచోట తెలుసుకోవాలంటే ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ వైపు చూడవలసి ఉన్నది. ఆ నగరం తెలుగువారికి పరాయిది కాదు. రాయపూర్ నుండి విజయనగరం వరకు రైలుమార్గం 1931లో పూర్తి అయినది. ఛత్తీస్‌గఢ్ మైదానంలో పండిన పంటకు విశాఖపట్నం రేవు దగ్గరైంది ఆ మార్గం వల్లనే. రైల్వే కొలువుల కోసం, తరువాత భిలాయ్ ఉక్కు కర్మాగారంలో పనుల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి.

ఒక్క గదిలో విశ్వవిద్యాలయం

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడినది. ఉన్నత విద్యకు ప్రైవేటు పెట్టుబడులను ఆకర్షించే ఉద్దేశంతో 2002లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం ప్రభుత్వ గెజిట్‌లో ప్రకటన వెలువడితే చాలు, ప్రైవేటు విశ్వవిద్యాలయం ఏర్పడినట్లే. సుమారు ఒక సంవత్సర కాలంలో 112 విశ్వవిద్యాలయాలు వెలిశాయి. వాటిలో అనేకం భవనాలు, ప్రయోగశాలలు, అధ్యాపకులు లేకుండా ఒక్క గదిలో నడిచినవే.

ప్రసిద్ధ శాస్త్రవేత్త, విశ్వవిద్యాలయ నిధుల సంఘం పూర్వ అధ్యక్షుడు ఆచార్య యశ్‌పాల్ ఈ విషయమై సుప్రీంకోర్టును ఆశ్రయించారు. 2005 ఫిబ్రవరి 11న వెలువడిన తీర్పులో ఆ చట్టంలోని కీలక నిబంధనలు రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం ప్రకటించింది. వాటి కింద ఏర్పడిన విశ్వవిద్యాలయాలు రద్దయ్యాయి. చేరిన విద్యార్థులు నష్టపోకుండా, ఆ విద్యాసంస్థలను రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా చేర్చే ఏర్పాటు చేయవలసిందిగా కూడా ఆదేశించింది.

ఇది పాత కథే అయినా, పాఠం పాతబడలేదు. సంస్థ పేరు ఎంత గొప్పదైనా, గోడమీద బోర్డు ఎంత పెద్దదైనా, అక్కడ నేర్పేవారు ఎవరు, నేర్పేది ఏమిటి, దానికి గుర్తింపు ఇచ్చినది ఎవరు అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాకముందే రుసుము చెల్లించరాదు. నాటి ఒక్క గది స్థానంలో నేడు ఫోన్ తెరమీద ప్రకటన వచ్చింది. ఒక్క నెలలో వెబ్ సాంకేతికత నేర్పి, ఇంటి నుండి లక్షలు సంపాదింపజేస్తామని చెప్పే ప్రకటనలు మీకూ వచ్చి ఉంటాయి. డిగ్రీ ఇస్తామన్న సంస్థ విషయంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించే జాబితాలను సరిచూచుకోండి. నకిలీ విశ్వవిద్యాలయాల పేర్లను కూడా ఆ సంఘమే ప్రకటిస్తుంది.

నేర్చుకోవలసినది ఎంత?

వెబ్ అనేది ఏ ఒక్కరి సొత్తూ కాదు. 1989లో టిమ్ బెర్నర్స్‌లీ స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధనశాలలో దానికి రూపకల్పన చేశారు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ దానిని ఎవరైనా ఉచితంగా వాడుకునేటట్లు లోకానికి విడిచిపెట్టింది. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ఈ విద్యలో గోప్యమైన రహస్యం ఏదీ లేదు. రహస్యం చెబుతామని డబ్బు అడిగేవారి పట్ల జాగ్రత్త వహించడం మేలు.

ఇంజనీరు నేర్చుకోవలసినది వేరు, వ్యాపారి నేర్చుకోవలసినది వేరు. మీకు ఐదు విషయాలు తెలిస్తే చాలు. మొదటిది, సరకును స్పష్టంగా ఫోటో తీసి, ఉన్నది ఉన్నట్లు వర్ణించడం. రెండవది, కొరియర్, కమీషన్, తిరిగివచ్చే సరకుల నష్టం కలుపుకొని ధర కట్టడం. మూడవది, ఆర్డరు, నిల్వ, రాబడి లెక్కలను ఏ రోజువి ఆ రోజే నమోదు చేయడం. నాలుగవది, పన్ను, లేబుల్, లైసెన్సులకు సంబంధించిన నిబంధనలు. ఐదవది, మోసాల నుండి ఖాతాను కాపాడుకోవడం.

సొంత వెబ్‌సైట్ కావాలనుకునేవారు మరొక సంగతి గ్రహించాలి. వెబ్‌సైట్ పేరు శాశ్వతంగా కొన్నది కాదు, అద్దెకు తీసుకున్న దుకాణం వంటిది. గడువు తీరకముందే రుసుము చెల్లించి పునరుద్ధరించుకోకపోతే ఆ పేరు ఇతరులకు పోవచ్చును. తయారుచేసి ఇచ్చిన వ్యక్తి తన పేరిటనే దానిని నమోదు చేసుకున్నట్లయితే, మీ దుకాణం తాళంచెవి అతని చేతిలో ఉన్నట్లే. నమోదు మీ పేరిట, మీ ఫోన్ నంబరుతో జరిగినదో లేదో చూచుకున్న తరువాతనే డబ్బు చెల్లించండి. ఆరంభ దశలో అసలు సొంత వెబ్‌సైట్ లేకుండానే పెద్ద విక్రయ వేదికల ద్వారా సరకు అమ్మి చూడవచ్చును.

ఎక్కడ నేర్చుకోవాలి?

నిరంతర విద్య తెలుగువారికి కొత్త కాదు. దేశంలోని మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. పని మానకుండా చదువుకోవచ్చునని నిరూపించిన సంస్థ అది.

అదే సంవత్సరం కర్ణాటకలోని ఉజిరెలో ధర్మస్థల క్షేత్ర సంస్థ, సిండికేట్ బ్యాంకు, కెనరా బ్యాంకు కలిసి గ్రామీణ నిరుద్యోగ యువతకు స్వయం ఉపాధి శిక్షణ సంస్థను స్థాపించాయి. ఆ నమూనాను అనుసరించి దేశంలోని జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఏర్పడినాయి. వీటిని బ్యాంకులు నడుపుతాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. శిక్షణ ముగిసిన పిదప కూడా కొంతకాలం అభ్యర్థి వెంట ఉండి వ్యాపారం నిలదొక్కుకోవడానికి, బ్యాంకు రుణం పొందడానికి సహాయం చేయడం వీటి ప్రత్యేకత. మీ జిల్లా సంస్థ చిరునామా కోసం మీ బ్యాంకు శాఖను అడగండి.

డీలర్ మిత్రులకు మరొక మార్గం కలదు. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ, అనగా ‘మేనేజ్’, 2003లో వ్యవసాయ ఉత్పాదకాల డీలర్ల కోసం ‘డేసీ’ అనే డిప్లొమాను ఆరంభించింది. ఆంధ్రప్రదేశ్‌లో మొదలై తరువాత ఇతర రాష్ట్రాలకు విస్తరించిన ఈ కోర్సు కాలవ్యవధి 48 వారాలు. దుకాణానికి సెలవు ఉన్న రోజున తరగతులు, మధ్యమధ్య క్షేత్ర సందర్శనలు ఉంటాయి. ఇది వెబ్ విద్య కాదు, సేద్యపు విద్య. అయినా ఆన్‌లైన్ విక్రేతకు ఇది పునాది వంటిది. తెరమీద కనిపించే రైతు అడిగిన తెగులు పేరును గుర్తించలేని డీలరుకు ఎంత మంచి వెబ్‌సైట్ ఉన్నా ప్రయోజనం లేదు.

ఫోన్ ద్వారా చదువుకోదలచినవారికి కేంద్ర ప్రభుత్వం 2017 జూలై 9న ప్రారంభించిన ‘స్వయం’ వేదిక ఉన్నది. పాఠాలు ఉచితం. పరీక్ష వ్రాసి సర్టిఫికెట్టు పొందదలచినవారు మాత్రమే రుసుము కట్టవలసి ఉంటుంది. ‘నీలిట్’ సంస్థ నిర్వహించే కంప్యూటరు ప్రాథమిక కోర్సు 80 గంటలది. గ్రామీణ కుటుంబాలకు డిజిటల్ అక్షరాస్యత నేర్పడానికి 2017లో మొదలైన కేంద్ర పథకం ఆరు కోట్ల లక్ష్యాన్ని దాటి 2024 మార్చి 31తో ముగిసింది. ఆ పథకం ఇంకా నడుస్తున్నదని చెప్పి రుసుము వసూలు చేయబోయేవారు ఎదురైతే నమ్మవద్దు.

రాయపూర్ పరిసరాలలో ఉన్నవారికి సదుపాయాలు ఇంకా సమీపంలో ఉన్నాయి. 1987లో స్థాపితమైన ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం అక్కడ వ్యవసాయ ఆధారిత నూతన వ్యాపారాలకు శిక్షణ, మార్గదర్శకత్వం ఇచ్చే పోషణ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. రాష్ట్ర ప్రభుత్వ సమాచార సాంకేతిక సంస్థ ‘చిప్స్’ కూడా ‘36ఇంక్’ పేరుతో నూతన వ్యాపారాల కేంద్రాన్ని నగరంలో నెలకొల్పింది. 112 బోర్డులు వెలిసిన నగరంలోనే నిజమైన విద్యకు కూడా చోటు దొరికింది. రెంటినీ వేరుచేసి చూడగలగడమే విద్యార్థి మొదటి పరీక్ష.

ఏ సరకు దూరం పోతుంది?

ఊరి సంతలో దొరికే సాధారణ బియ్యాన్ని రాయపూర్ నుండి హైదరాబాదుకు కొరియర్‌లో తెప్పించుకునేవారు ఉండరు. మరెక్కడా సులభంగా దొరకని సరకే దూరం పోతుంది. ఛత్తీస్‌గఢ్‌కు ఆ సంపద ఉన్నది. కృషి విశ్వవిద్యాలయం భద్రపరచిన వరి రకాల నమూనాలు 23,000 పైచిలుకు. డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా వంటి శాస్త్రవేత్తలు ఊరూరా తిరిగి సేకరించిన సంపద అందులో ముఖ్య భాగం. సర్గుజా ప్రాంతపు జీరాఫూల్ బియ్యానికి 2019లో, ధమ్‌తరి జిల్లాలోని నగరి దుబ్‌రాజ్ బియ్యానికి 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. నగరి దుబ్‌రాజ్ గుర్తింపును సాధించినది ఒక మహిళా స్వయం సహాయక సంఘం. అడవి ఉత్పత్తుల విషయంలో రాష్ట్ర లఘు వనోత్పత్తుల సహకార సమాఖ్య ‘ఛత్తీస్‌గఢ్ హెర్బల్స్’ అనే ఉమ్మడి పేరుతో తేనె మొదలైన సరకులను దుకాణాలలోనూ, ఆన్‌లైన్‌లోనూ విక్రయించింది.

మన వైపున పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మలు, 2023లో గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు ఇటువంటివే. ఇక్కడ గమనించవలసిన నియమం ఒకటి ఉన్నది. భౌగోళిక గుర్తింపు ఉన్న పేరును ఆ ప్రాంతపు అసలు సరకుకే వాడాలి. వేరొక చోటి సుగంధ బియ్యాన్ని దుబ్‌రాజ్ అని తెరమీద వ్రాయడం నేరం అవుతుంది. ఆ పేరును నమ్ముకున్న సంఘాల నోటి కూడు తీసినట్లు కూడా అవుతుంది.

కాగితం మీద ఒక లెక్క

తరగతిలో నేర్చుకున్నదానికి అసలు పరీక్ష ధర కట్టడంలోనే ఉన్నది. ఈ కింది అంకెలు లెక్క తెలియజెప్పడానికి ఊహించినవి మాత్రమే. మీ అంకెలను మీరే వేసుకోవాలి.

ఒక కిలో సుగంధ బియ్యం మీకు 90 రూపాయలకు పడిందనుకొనండి. ప్యాకెట్టు, లేబుల్ 12, కొరియర్ 60, విక్రయ వేదిక కమీషన్ 15, తిరిగివచ్చే పార్సెళ్ల నష్టానికి 8 రూపాయలు. మొత్తం 185. మీరు 180కి అమ్మితే ప్రతి ప్యాకెట్టు మీద 5 రూపాయల నష్టం. ఆర్డర్లు పెరిగినకొద్దీ నష్టమూ పెరుగుతుంది. చూచేవారికి మాత్రం వ్యాపారం దివ్యంగా సాగుతున్నట్లే కనిపిస్తుంది.

అదే బియ్యాన్ని ఐదు కిలోల సంచిగా అమ్మితే బియ్యం 450, సంచి, లేబుల్ 25, కొరియర్ 160, కమీషన్ 70, నష్టాల కింద 25, మొత్తం 730 రూపాయలు. కిలో 160 చొప్పున సంచి 800కి అమ్మినా 70 రూపాయలు మిగులుతాయి. కొన్నవారికి కిలోకు 20 రూపాయలు తగ్గింది, మీకు నష్టం పోయి లాభం వచ్చింది. మారినది సంచి పరిమాణం మాత్రమే. ఈ లెక్క వేయగలవారికి సర్టిఫికెట్టు లేకపోయినా ఫరవాలేదు. వేయలేనివారికి సర్టిఫికెట్టు ఉన్నా ఉపయోగం లేదు.

నిబంధనలు తెలిసి అమ్మండి

రాయపూర్ నుండి విజయనగరానికి సరకు పంపితే అది అంతర్రాష్ట్ర విక్రయం. ఆన్‌లైన్ వేదికల ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మేవారు సాధారణంగా వస్తు సేవల పన్ను కింద నమోదు కావలసి ఉంటుంది. సొంత రాష్ట్రంలోపలే అమ్ముకునే చిన్న విక్రేతలకు 2023 అక్టోబరు 1 నుండి నిర్ణీత టర్నోవరు లోపల సడలింపు లభించింది. తినుబండారాలకు ఆహార భద్రత సంస్థ నమోదు లేక లైసెన్సు తప్పనిసరి. ప్యాకెట్టు మీద ఉండవలసిన బరువు, గరిష్ఠ ధర మొదలైన వివరాలను తెరమీద కూడా చూపాలన్న నియమం 2018 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కొనుగోలుదారు ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి.

పురుగుమందుల డీలర్లకు 2022 నవంబరులో ఒక ముఖ్యమైన సవరణ వచ్చింది. లైసెన్సు ఉన్న విక్రేతలు ఈ-కామర్స్ వేదికల ద్వారా కూడా మందులు అమ్మి రైతు ఇంటికి చేర్చవచ్చును. విక్రేత లైసెన్సును సరిచూచే బాధ్యత ఆ వేదికది. సబ్సిడీ ఎరువులను పి.ఓ.ఎస్. యంత్రం మీద అమ్మడం మీకు 2018 నుండి అలవాటైన పనే. వేలిముద్ర, నిల్వ, బిల్లు అన్నీ ఆ యంత్రంతో నేర్చుకున్న చేతులకు ఈ కొత్త విద్య అసాధ్యం కాదు.

డబ్బు విషయంలో ఒక్క సూత్రం మరువకండి. యూపీఐ ద్వారా మీకు డబ్బు రావడానికి పిన్ నొక్కవలసిన అవసరం లేదు. పిన్ నొక్కమన్నారంటే డబ్బు మీ ఖాతా నుండి పోతున్నదని అర్థం. ఆర్డరు ఇస్తామని చెప్పి కోడ్ స్కాన్ చేయమనేవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోన్ చేసి, మీ బ్యాంకుకు కూడా తెలియజేయండి. గంటలు గడిచినకొద్దీ పోయిన డబ్బు తిరిగివచ్చే అవకాశం తగ్గిపోతుంది.

ఎంత అప్పు, దేనికి?

శిక్షణ రుసుముకు, ఆడంబరమైన వెబ్‌సైట్‌కు అప్పు చేయవద్దు. ఉచితంగానో, స్వల్ప ఖర్చుతోనో దొరికేదానికి వడ్డీ కట్టడం వివేకం కాదు. సరకు నిల్వకు, ప్యాకింగుకు, తూకం యంత్రానికి అప్పు అవసరం కావచ్చును. అది ఎంత కావాలో లెక్క వేయడం కష్టం కాదు. రోజుకు 1,000 రూపాయల ఖర్చుతో సరకు పంపుతున్నారనుకొనండి. పంపిన 20 రోజులకు డబ్బు ఖాతాలో పడుతుందనుకొనండి. అప్పుడు మీకు కావలసిన నిర్వహణ మూలధనం 20,000 రూపాయలు. రెండు లక్షలు అడగనవసరం లేదు.

2015 ఏప్రిల్ 8న మొదలైన ముద్ర పథకంలో ‘శిశు’ తరగతి కింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకుండా రుణం లభిస్తుంది. చిన్నగా మొదలుపెట్టేవారికి అది చాలినంత. ఆహార పదార్థాల చిన్న పరిశ్రమలకు 2020లో వచ్చిన కేంద్ర పథకం కింద యంత్రాలకు 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ నిర్ణయించారు. దరఖాస్తు చేసే నాటికి అది అమలులో ఉన్నదో లేదో శాఖలో విచారించండి. సబ్సిడీ వస్తుందని అవసరం లేని యంత్రం కొనవద్దు. సబ్సిడీ పోగా మిగిలిన భాగం అప్పే కదా.

రుణం కోసం శాఖకు వచ్చేటప్పుడు మూడు నెలల లెక్క పుస్తకం వెంట తెండి. ఎన్ని ఆర్డర్లు వచ్చాయి, ఎన్ని తిరిగివచ్చాయి, ఒక్కొక్క ప్యాకెట్టు మీద ఎంత మిగిలింది, డబ్బు ఎన్ని రోజులకు అందింది అన్న నాలుగు వరుసలు అందులో ఉంటే చాలును. మేనేజరు అడిగే ప్రశ్నలలో అధిక భాగానికి అవే సమాధానాలు. వ్రాసినవారికి కూడా తమ వ్యాపారం అసలు రూపం అప్పుడే తెలుస్తుంది. ఆ నాలుగు వరుసలలో మూడవది వరుసగా మూడు నెలలు సున్నాకు దిగువన ఉన్నట్లయితే, ఆ వ్యాపారానికి అప్పు తీసుకోకపోవడమే లాభం. అటువంటప్పుడు సంచి పరిమాణమో, ధరో, సరకో మార్చి మరల మూడు నెలలు చూడండి.

రుణానికి గడువు ఉంటుంది, విద్యకు ఉండదు. ఈ వారం మీ దుకాణంలోనో, పొలంలోనో ఉన్న ఒక్క సరకును ఎన్నుకొని, దాని పూర్తి ఖర్చును ఒక కాగితం మీద వ్రాయడంతో ఆ విద్యను ప్రారంభించండి.